తెగిపోయిన చందా

 

నేను విశాఖ మల్కాపురం పిల్లాణ్ని. నాన్న షిప్‌యార్డులో వెల్డరు. ఉప్పుగాలికి మా కిటికీ ఊచలు పొరలు పొరలుగా రాలుతుంటే చూస్తూ పెరిగాను. అందుకే సముద్రపు నీట ఉక్కు తుప్పు పట్టడం మీదే పరిశోధన మొదలుపెట్టాను. 1991 జూలైలో రూపాయి విలువను మూడు రోజుల్లో రెండుసార్లు తగ్గించారు. డాలర్లలో చందా కట్టే జర్నల్స్ ఒక్కసారిగా ప్రియమయ్యాయి. నేను నమ్ముకున్న గ్రంథాలయం నాకు కావలసిన జర్నల్‌కి చందా ఆపేసింది. రెండేళ్లకు మళ్లీ కట్టారు గానీ మధ్య సంపుటాలు రానే లేదు. బీరువాలో ఆ ఖాళీ ఇప్పటికీ నా కళ్లలో ఉంది. జనరల్ బోగీలో బెంగళూరు వెళ్లి, టాటా ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో పదకొండు రోజులు కూర్చుని పట్టికలు చేత్తో ఎక్కించుకున్నాను.

ఇప్పుడు అన్నీ ఫోన్లోనే దొరుకుతున్నాయి కదా సార్ అంటారు. నిజమే. ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకానికి 2025 నుంచి మూడేళ్లకు కేంద్రం 6,000 కోట్లు ఇచ్చింది. దాదాపు 13,000 జర్నల్స్ ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతున్నాయి. మనసారా హర్షించాను. అయితే అచ్చు సంచిక చందా ఆగినా బీరువాలో ఉంటుంది. తెర మీది జర్నల్ చాలాసార్లు చందాతోపాటే పోతుంది. పైగా, జర్నల్స్ ఎలాగూ వస్తున్నాయిగా అని పుస్తకాల డబ్బుకు కోత పెడతారేమోనని నాకు భయం. ఆ జర్నల్స్‌లో దొరకనివీ ఉన్నాయి. 1997 సెప్టెంబరు 14న మన విశాఖ రిఫైనరీ మంటలు యాభై మందికి పైగా ప్రాణాలు తీశాయి. ఆనాటి తెలుగు పత్రికలు, బతికి బయటపడ్డవాళ్ల మాటలు ఏ విదేశీ ప్రచురణకర్త పంపుతాడు? వాటిని మనమే సేకరించాలి, బైండు చేయించాలి, చెదలు పట్టకుండా కాపాడాలి. ఒక ఏడు డబ్బిచ్చి మరో ఏడు చేతులెత్తేస్తే అది సాగదు. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ సెస్సు ఉంది కదా అంటారేమో, అది పౌర గ్రంథాలయాలకు. విశ్వవిద్యాలయానికి అందులో వాటా లేదు.

పట్టాలు అందుకున్న మిమ్మల్నీ వదలను. ఇన్నేళ్లూ పోటీపరీక్షల గైడు కోసం, ఏసీ చల్లదనం కోసమే లైబ్రరీ గడప తొక్కారా? ఎవరూ తీయని పుస్తకాల మధ్య నిలబడి, కొత్తవి కొనమని లైబ్రేరియన్ ఏ మొహంతో అడుగుతారర్రా?

ఆ బెంగళూరు నోటుబుక్కులు మూడూ సంచిలో తెచ్చాను. ఈ వేదిక దిగాక లైబ్రేరియన్ గారికి ఇస్తాను. వాటితోపాటు, ఈ ఏడాది పుస్తకాలకని ఒక చెక్కు. వచ్చే ఏడూ పంపుతాను.