తెలంగాణ శాసనసభకు సొంత లెక్క కావాలె

(బే ఏరియా తెలంగాణ మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 జై తెలంగాణ!

మన కొట్లాట నీళ్లు, నిధులు, నియామకాల కోసం సాగింది. ఈ మూడూ ఆఖరికి లెక్కలే. తెలంగాణ మిగులు తెలంగాణకే ఖర్చు పెట్టాలని 1956 పెద్దమనుషుల ఒప్పందంలో రాసుకున్నరు. ఆ మిగులు ఎంతో తేల్చడానికి 1969లో ఉద్యమం రావాల్సి వచ్చింది. అప్పుడు కుమార్ లలిత్ కమిటీ, దాని మీద మళ్లీ జస్టిస్ భార్గవ కమిటీ. నియామకాల సంగతీ అంతే. 1985లో 610 జీవో ఇచ్చిన్రు. అది ఎంత అమలైందో చూడటానికి 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేసిన్రు. కొట్లాడితే తప్ప లెక్క బయటికి రాలేదు. ఎందుకంటే మన ఎమ్మెల్యేకు మంత్రి చెప్పిన అంకెలే దిక్కు. వాటిని సరిచూసే ఆఫీసు సభకు లేదు.

మనం ఉంటున్న కాలిఫోర్నియాలో ఆ ఆఫీసు 1941 నుంచి ఉన్నది. పేరు లెజిస్లేటివ్ అనలిస్ట్ ఆఫీస్. గవర్నర్ జనవరి 10 లోపు బడ్జెట్ పెడతడు. ఆ వెంటనే వీళ్లు శాఖలవారీగా దాన్ని విప్పి చూస్తరు. ఆదాయం అంచనా సరైనదేనా, ఈ పథకానికి ఇంత అవసరమా, వేరే దారి ఉన్నదా అని రాస్తరు. అధికార పక్షానికి ఇచ్చిన నివేదికే ప్రతిపక్షానికీ. అదే మీకూ నాకూ దొరుకుతది. ఆఫీసు మీద అజమాయిషీ గవర్నర్‌ది కాదు, రెండు సభల సభ్యులున్న ఉమ్మడి కమిటీది. అలన్ పోస్ట్ అనే ఆయన 1949 నుంచి 1977 దాకా దీన్ని నడిపిండు. రెండు పార్టీల గవర్నర్లూ వచ్చిన్రు, పోయిన్రు. ఆయన మాత్రం కుర్చీలోనే ఉన్నడు.

మన దగ్గర ఢిల్లీలో పీఆర్ఎస్ సంస్థ 2005 నుంచి ఎంపీలకు బిల్లుల మీద ఇట్లాంటి సాయం చేస్తున్నది. అది మంచిదే. కానీ అది బయటి సంస్థ. సభకు తనదైన ఆఫీసు ఉండాలె.

నివేదిక ఓటు వెయ్యదు, నిజమే. మెజారిటీ ఉన్నోళ్లు పక్కన పెట్టొచ్చు. కానీ "మాకు తెల్వదు" అని మాత్రం అనలేరు.

ఇంకో మాట. ఇప్పుడున్నది మన సర్కారే కదా, ఇదంతా ఎందుకు అంటరు కొందరు. మన సర్కారుకే ఇది ఎక్కువ అవసరం. పాలమూరు ఎమ్మెల్యేనో, ఆదిలాబాద్ ఎమ్మెల్యేనో లేచి "మా జిల్లాకు ఎన్ని నీళ్లు, ఎన్ని కొలువులు?" అని అడిగితే, జవాబు కోసం ఇంకో ఉద్యమం చెయ్యాల్నా?

అందుకే మూడు అడుగుదాం. అనలిస్టును ప్రతిపక్షం కూడా ఉన్న కమిటీ నియమించాలె. ఏ శాఖ ఫైలైనా అడిగే హక్కు చట్టంలో ఉండాలె. ప్రతి నివేదికా తెలుగులో, ఉర్దూలో ప్రజలకు అందాలె.

మనలో తలా ఒక పార్టీ అభిమానం ఉండొచ్చు. ఆ ఆఫీసుకు మాత్రం ఏ పార్టీ రంగూ అంటొద్దు. మనం రాసే ప్రతి వినతిపత్రంలో ఈ మూడు మాటలూ చేర్చుదాం.

జై తెలంగాణ!