రాజీ కాగితం మీద వేలిముద్ర వేసే ముందు

(ఓబులదేవరచెరువులో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి కదిరి నుంచి ఆటోలో వచ్చాను. డ్రైవరుకు అటొకరు ఇటొకరు, నా ఒళ్ళో ఎవరిదో టిఫిను క్యారియరు. మొత్తం పదకొండు మందిమి. ఎనిమిది మంది ఆడవాళ్ళే, కూలికి పోతున్నవాళ్ళు. "ఇంతమంది ఎక్కితే ఎట్లమ్మా?" అంటే పక్కనున్నామె నవ్వింది. "బస్సు కోసరం నిలబడితే పొద్దెక్కుతాది మేడమ్, కూలి పోతాది" అంది. నిర్లక్ష్యపు డ్రైవింగు గురించి మాట్లాడమన్నారు కదా, ఆ మాట మర్చిపోయి మాట్లాడితే అన్యాయం.

2015 జనవరి 7న పెనుకొండ దగ్గర బస్సు లోయలో పడి కాలేజీ పిల్లలు ఎందరో పోయారు. 2024 నవంబరు 23న గార్లదిన్నె మండలం తలగాసుపల్లె దగ్గర ఆర్టీసీ బస్సు, ఆటో ఢీకొని, కూలిపని ముగించుకుని ఇంటికి పోతున్న ఎల్లుట్ల వాళ్ళు ఏడుగురికి తక్కువ కాకుండా చనిపోయారు. ఇవి పేపర్లకెక్కినవి. ఒకరూ ఇద్దరూ పోయిన ప్రమాదాలు జిల్లా పేజీలో నాలుగు లైన్లు. ఆ తర్వాత ఆ ఇంటి ఆడమనిషికి ఏం జరుగుతుందన్నది ఎవరూ రాయరు.

నా పరిశోధనలో కలిసిన ఒకామె సంగతి చెబుతాను. ఊరూ పేరూ అక్కర్లేదు. సైకిలు మీద వస్తున్న భర్తను జీపు గుద్దేసింది. పదకొండో రోజున పెద్దమనుషులు కూర్చున్నారు. నలభై వేలకు మాట కుదిరింది. డబ్బు మామ చేతికి పోయింది, స్టాంపు కాగితం మాత్రం ఈమె ముందుకు వచ్చింది. ఏం రాశారని అడిగితే "కేసు లేకుండా పోయే కాగితం" అన్నారట. వేలిముద్ర వేసింది. సాక్షులు కోర్టులో మాకు తెలియదన్నారు, డ్రైవరు విడుదలయ్యాడు. అంతటితో అంతా అయిపోయిందనే ఆమె అనుకుంది. నేనడిగేదాకా నష్టపరిహారం అనే మాటే ఆమె చెవిన పడలేదు.

ఇక్కడ రెండు వేరు వేరు కేసులున్నాయి. డ్రైవరు మీద నడిచేది ప్రభుత్వం పెట్టే క్రిమినల్ కేసు. పాత శిక్షాస్మృతిలో 304-ఎ, రెండేళ్ళ దాకా శిక్ష. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 106(1), ఐదేళ్ళ దాకా. గాయాలతో పోయిన కేసుల్లో రాజీకి వీలుంది కానీ, మనిషి చనిపోయిన కేసు ఊరి పెద్దలు రద్దు చేసేది కాదు. ఆ కాగితం చేసే పనల్లా సాక్షుల నోరు మూయించడం, రేపు ఇన్సూరెన్సు లాయరు చేతికి ఆయుధమవడం. రెండోది మోటారు వాహనాల చట్టం 166 కింద ట్రిబ్యునల్లో వేసే పరిహారపు కేసు. అది ఆమెది, పిల్లలది. డ్రైవరు క్రిమినల్ కేసులో విడుదలైనంత మాత్రాన ఇది పోదని 1980లోనే సుప్రీంకోర్టు ఎన్.కె.వి. బ్రదర్స్ కేసులో చెప్పింది. ప్రమాదం ఎక్కడ జరిగినా సరే, మీరుండే ప్రాంతపు ట్రిబ్యునల్లోనే వేయవచ్చు.

గడువు విషయం జాగ్రత్తగా వినండి. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరు నెలల్లో అర్జీ వేయాలనే నిబంధన వచ్చింది. దినాలు, కర్మలు, ఏడుపు, పిల్లల బడి, వీటి మధ్య ఆరు నెలలు ఎంత? ఆలస్యమైందని అర్జీలు కొట్టేయవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ అది మధ్యంతర ఉత్తర్వు. దాన్ని నమ్ముకుని కూర్చోకండి. గుద్దిన బండి ఏదో తెలియకపోయినా మరణానికి 2 లక్షలు ఇచ్చే పథకం ఉంది.

ఇక మన ఆటోల సంగతి. పర్మిట్టుకు మించి ఎక్కారు కాబట్టి ఏమీ రాదని చెప్పేవాళ్ళుంటారు. తప్పు. 2007లో అంజనా శ్యామ్ కేసులో సుప్రీంకోర్టు ఒక లెక్క చెప్పింది: పర్మిట్టులో ఎంతమంది ఉంటే అంతమందికి, అందులోనూ పెద్ద మొత్తాలకు, ఇన్సూరెన్సు కంపెనీ కట్టాలి. ఆ డబ్బును అందరికీ దామాషాగా పంచుతారు, మిగతాది ఓనరు దగ్గర రాబట్టుకోవాలి. ఓనరు దగ్గర ఏముంటుందో మీకు తెలుసు. అందుకే రెండు బండ్లు గుద్దుకున్నప్పుడు అవతలి బండి మీద కూడా కేసు వేయాలి. ఇద్దరి తప్పూ ఉంటే ఇద్దరి మీదా, లేదా ఒకరి మీదే మొత్తానికీ వేయవచ్చని 2015లో కెన్యే కేసులో తేల్చారు.

చనిపోయింది ఆడమనిషైతే మరో గొడవ. చెనక్కాయలు పీకి, గొడ్లకు గడ్డి కోసి, ముగ్గురికి వండిపెట్టిన మనిషిని 'గృహిణి, ఆదాయం లేదు' అని రాస్తారు. 2001లో లతా వాధ్వా కేసులో ఇంటిచాకిరికి నెలకు 3,000 రూపాయల విలువ కట్టారు. 2021 జనవరిలో కీర్తి కేసులోనూ ఆ చాకిరికి ఆదాయం లెక్కగట్టాల్సిందేనన్నారు. చాలా తక్కువే, కానీ సున్నా కాదు. కూలిపని సంగతి సాక్ష్యంలో చెప్పించడం మన బాధ్యత, మేస్త్రీ చేతా, తోటికూలీల చేతా.

డ్రైవరు భార్య కూడా మన మనిషే. భర్తను స్టేషనులో పెట్టారనగానే తాళిబొట్టు కుదువ పెట్టి పరిగెత్తుతుంది. 106(1) బెయిలబుల్ సెక్షను. బెయిలు హక్కు, దయ కాదు. తాగి నడిపాడనో మరొకటో చెప్పి సెక్షను 105 పెడితే అది వేరు, వెంటనే వకీలు కావాలి. 'ఒప్పుకో, జుల్మానాతో పోతుంది' అని కోర్టు బయట చెప్పేవాళ్ళను నమ్మకండి. ఆ ఒప్పుకోలు రేపు ట్రిబ్యునల్లో సాక్ష్యమవుతుంది. గుద్ది పారిపోతే పదేళ్ళనే 106(2) మీద 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మె చేస్తే, ఆ జూలైలో సంహిత అమల్లోకి వచ్చినప్పుడు దాన్ని పక్కన పెట్టారు. శిక్ష పెంచడం గురించి జరిగినంత చర్చ, ఇంట్లో మిగిలినవాళ్ళకు డబ్బు చేరడం గురించి జరగలేదు.

వకీలుకు డబ్బులేవీ అంటారు. 1987 న్యాయ సేవాధికార చట్టం సెక్షను 12 ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత వకీలు దొరకాలి. కస్టడీలో ఉన్నవాళ్ళకూ అంతే. కోర్టు ఆవరణలో ఆఫీసుంటుంది, 15100కు ఫోను చేయవచ్చు. వచ్చినదాంట్లో ఇంత భాగమని ఒప్పందం రాయించుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. ఎఫ్.ఐ.ఆర్., పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, బండి తనిఖీ రిపోర్టు నకళ్ళు ఆమె పెట్టెలో ఉండాలి, మామ జేబులో కాదు.

కాగితాలు తెచ్చుకున్నవాళ్ళు నలుగురున్నారని చెప్పారు. రండి, ఒక్కొక్కటే చదువుదాం.