ఉర్దూ మాధ్యమ ఉపాధ్యాయునికి కంప్యూటర్ శిక్షణ: మన హక్కు, మన బాధ్యత

(ఉపాధ్యాయుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ పాఠశాలలకు కంప్యూటర్లు మంజూరు చేయవలసిందిగా మనం ఎన్నో వినతిపత్రాలు సమర్పించాం. కొన్నిచోట్ల అవి వచ్చాయి కూడా. ఈనాడు మేము మనవి చేయదలచినది ఆ తరువాతి మాట. వాటితో పాఠం చెప్పే నేర్పును ఉపాధ్యాయునికి, ఆయన బోధించే భాషలోనే అందించాలి. అది జరగనినాడు ఎంత ఖరీదైన యంత్రమైనా గుడ్డ కప్పుకొని మూలన కూర్చుంటుంది.

మేము ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తాలుగా ఉన్న కాలంలోనే టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. రెండు రోజుల శిక్షణ, హాజరు పట్టీలో సంతకం, చేతికొక ధ్రువపత్రం. తిరిగివచ్చేసరికి బల్ల మీద యంత్రం ఉండేది కాదు. యంత్రం వచ్చేనాటికి నేర్చుకున్నది గుర్తుండేది కాదు. చివరకు మాకు పని నేర్పినవాడు పక్క కుర్చీలో కూర్చొని ఓపికగా చూపించిన తోటి ఉద్యోగి. ఉపాధ్యాయ శిక్షణకూ ఈ అనుభవమే వర్తిస్తుందని మా విశ్వాసం.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. పాఠశాల విద్యలో సమాచార సాంకేతికతకు 2012లో జాతీయ విధానం వెలువడింది. 2017లో ‘దీక్షా’ వేదిక ప్రారంభమైంది. 2019లో 42 లక్షల మంది ఉపాధ్యాయులు లక్ష్యంగా ‘నిష్ఠా’ శిక్షణ మొదలైంది. బోధనలో సాంకేతికత వినియోగం అందులో ఒక అంశం. అయితే పైనుంచి కిందికి మెట్లు దిగివచ్చే శిక్షణలో ప్రతి మెట్టు వద్దా కొంత ఒలికిపోతుంది. చివరి మెట్టు మీద తెలుగులోనో, ఇంగ్లీషులోనో సాగే తరగతిలో కూర్చున్న ఉర్దూ ఉపాధ్యాయునికి దక్కేది ఎంత?

ఆయన సమస్యలు వేరు. ఉర్దూ కుడి నుంచి ఎడమకు సాగే లిపి. గణితం బోధించేటప్పుడు సమీకరణం ఎడమ నుంచి కుడికి, దానిని వివరించే వాక్యం కుడి నుంచి ఎడమకు నడవాలి. ఒకే వరుసలో రెండూ చేరితే తెరపై అంకెలు తారుమారవుతాయి. అరబీ కీబోర్డు పెట్టుకుంటే ఉర్దూకు ప్రత్యేకమైన టే, డాల్ వంటి అక్షరాలు దొరకవు. పాత ‘ఇన్‌పేజ్’లో టైపు చేసిన ప్రశ్నపత్రాన్ని విద్యార్థి ఫోనుకు పంపితే అక్షరాలు తెరుచుకోవు. యూనికోడ్‌లో టైపు చేయడం నేర్పితే ఈ చిక్కుల్లో చాలా భాగం తొలగిపోతుంది. సాధారణ శిక్షణలో ఈ సంగతి చెప్పే వారేరి?

ఉర్దూలో శిక్షణ కోరడం దయాభిక్ష అడగడం కాదు. ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధన వసతులు కల్పించవలసిందిగా రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం నిర్దేశిస్తున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా సాధ్యమైనంత మేరకు మాతృభాషనే బోధనా మాధ్యమంగా పేర్కొన్నది. తెలంగాణలో 2017లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోను చేసిన చట్టాలు ఉర్దూకు రాష్ట్రమంతటా రెండవ అధికార భాష హోదానిచ్చాయి. పిల్లవానికి ఉర్దూలో పాఠం హక్కయినప్పుడు, ఆ పాఠం చెప్పే గురువుకు ఉర్దూలో శిక్షణ హక్కు కాకుండా ఎలా పోతుంది?

ఇది అసాధ్యమూ కాదు. కేరళ 2001లో ‘ఐటీ ఎట్ స్కూల్’ కార్యక్రమాన్ని ఆరంభించింది. అక్కడ ఉపాధ్యాయుల నుంచే శిక్షకులను తయారుచేశారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకొని మలయాళంలో పనిచేసేలా మలిచారు. 2017లో అది ‘కైట్’ అనే సంస్థగా రూపొందింది. మన హైదరాబాదులోనే 1998లో స్థాపితమైన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నది. ఉర్దూ మాధ్యమ ఉపాధ్యాయుల వృత్తి వికాసానికి అందులో ప్రత్యేక కేంద్రమూ ఉన్నది. రెండు రాష్ట్రాల విద్యాశాఖలు దాని సహకారంతో జిల్లాకు కొందరు ఉర్దూ శిక్షకులను తయారుచేయవచ్చు.

కనుక మన కోరికలు నాలుగు. శిక్షణ, దాని సామగ్రి ఉర్దూలో ఉండాలి. ఒక్కసారితో ముగియక, స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ప్రతి నెలా కొనసాగాలి. మహిళా ఉపాధ్యాయులు చీకటి పడకముందే ఇల్లు చేరగల దూరంలో, రంజాన్ మాసం కాని రోజుల్లో జరగాలి. యంత్రం చెడితే బాగుచేసే బాధ్యత ఎవరిదో ఉత్తర్వులోనే పేర్కొనాలి.

ఉపాధ్యాయ మిత్రులకు కూడా ఒక విన్నపం. అన్ని వసతులూ సమకూరేదాకా ఆగవద్దు. ఇంటర్నెట్ లేని తరగతికి ముందురోజే దీక్షా యాప్‌లో పాఠాన్ని దించుకొని తీసుకువెళ్లవచ్చు. రక్తప్రసరణ పాఠానికి మూడు నిమిషాల దృశ్యం చాలు. తరువాత తెర ఆపి, పిల్లల చేత మాట్లాడించండి. ఇంటర్నెట్‌లో కనిపించినదల్లా నిజం కాదని, ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో చూడాలని నేర్పండి. వదంతులు ఫోనుల్లోనే పుట్టి పెరుగుతున్న ఈ రోజుల్లో మన పిల్లలకు ఈ విద్య మరీ అవసరం.

పేటల్లోని కమిటీలూ కదలాలి. సెలవుల్లో మన కమ్యూనిటీ హాలును శిక్షణకు ఇద్దాం. కంప్యూటరు చదివిన మన యువతీయువకులను వారానికొక పూట ఉపాధ్యాయుని పక్కన కూర్చోబెడదాం. వినతిపత్రాలతో పాటు మన శ్రమ కూడా తోడైతే అధికారులు మన మాటను కాదనలేరు. ఆ పనికి ఈ సదస్సు నాంది కావాలని కోరుతున్నాం.