నొప్పులు తొందరపడితే

(ఇంగ్లండులోని మా ఊరి తెలుగు రేడియోలో, మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల కార్యక్రమం అయ్యాక ఒకావిడ నాకు ఫోను చేశారు. "మీ రెండోవాడు ఇంట్లోనే పుట్టాడటగా, నొప్పికి ఏమిచ్చారండీ?" అని అడిగారు. ఆవిడకి ఇప్పుడు ఎనిమిదో నెల. మొదటి కాన్పు మూడు గంటల్లోపే అయిపోయిందట. ఆవిడకి చెప్పిన మాటలే ఈరోజు మీ అందరికీ చెబుతాను. నేను డాక్టర్ని కాను, నర్సునీ కాను. ఇద్దరు పిల్లల తల్లిని, అంతే.

మా అమ్మాయి ఆసుపత్రిలో పుట్టింది. పదహారు గంటలు నొప్పులు పడ్డాను. ఎపిడ్యూరల్ ఇచ్చాక హాయిగా నిద్రపోయాను కూడా. రెండోసారి అన్నీ సవ్యంగా ఉన్నాయి గనక ఇంట్లో కాన్పుకి మిడ్‌వైఫ్ ఒప్పుకుంది. నొప్పి తగ్గించుకోవడానికి ఏమేం చేయాలో వరసగా కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. ఆ కాగితం ఎందుకూ పనికిరాలేదు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది, మూడూ నలభైకి వాడు నా గుండెల మీద ఉన్నాడు.

వేగంగా అయిపోతే సుఖమే కదా అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ తొందరగా వచ్చే నొప్పులకి మధ్యలో విరామం ఉండదు. ఒక అల తగ్గేలోగా ఇంకోటి మీద పడుతుంది. ఊపిరి తీసుకుని మనసు కూడదీసుకునే వ్యవధి దొరకదు. అందుకే ఇలాంటి కాన్పులో ఏ మందు బలమైనది అని కాదు, ఏది సమయానికి అందుతుంది అని అడగాలి.

ఎపిడ్యూరల్ ఇంట్లో ఇవ్వరు. దానికి మత్తు డాక్టరు కావాలి, ఆసుపత్రి కావాలి. పెథిడిన్ ఇంజెక్షను కొన్నిచోట్ల ఇంటి కాన్పుకి ఏర్పాటు చేస్తారు. అది ముందే అడిగి తెలుసుకోవాలి. మిడ్‌వైఫ్ గుమ్మంలో అడుగు పెట్టగానే నేను అడిగింది అదే. ఆవిడ పరీక్ష చేసి, "ఇప్పుడు వద్దు" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ బాధ ఈవిడకేం తెలుసు అనుకున్నాను. తర్వాత నెమ్మది మీద చెప్పింది: అది పనిచేయడానికే 20 నిమిషాలు పడుతుంది, 2 నుంచి 4 గంటలు ఉంటుంది. బిడ్డ బయటికి వచ్చే వేళకి దగ్గరగా ఇస్తే బిడ్డ కూడా మత్తుగా పుట్టి ఊపిరి సరిగా తీసుకోకపోవచ్చు. ఆవిడ వద్దన్నాక పావుగంటకే వాడు పుట్టాడు. ఆ కోపానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

నాకు అందింది గ్యాస్ అండ్ ఎయిర్. పేరులో గాలి ఉంది గానీ నిజానికి సగం నైట్రస్ ఆక్సైడ్, సగం ఆక్సిజన్. 1933లో లివర్‌పూల్ డాక్టరు మినిట్ కనిపెట్టిన యంత్రంలో మామూలు గాలే కలిపేవారు, ఆ పేరే నిలిచిపోయింది. మిడ్‌వైఫ్ సిలిండరు తనతో తెస్తుంది. అంబులెన్సులోనూ ఉంటుంది. ఒక కిటుకు గుర్తుపెట్టుకోండి. అది పనిచేయడానికి 15, 20 సెకన్లు పడుతుంది. అందుకని నొప్పి పతాకస్థాయికి చేరాక కాదు, మొదలవుతుండగానే గట్టిగా, నెమ్మదిగా పీల్చాలి. తల తిరుగుతుంది, కొందరికి వికారం పెడుతుంది. వదిలేస్తే కాసేపట్లో దిగిపోతుంది. నొప్పి పోదు గానీ, పక్కగదిలోకి జరిగినట్టు ఉంటుంది.

మరి మిడ్‌వైఫ్ వచ్చేదాకా? టెన్స్ మెషీన్ అని చిన్న పెట్టె ఉంటుంది, అద్దెకిస్తారు. నడుముకి పట్టీలు అంటిస్తే సన్నగా కరెంటు జిల్లు జిల్లుమంటుంది. మొదటి నొప్పులకే పెట్టుకుంటే కాస్త ఆసరా. నీళ్ళలోకి దిగేముందు తీసేయాలి. పారాసిటమాల్ వేసుకోవచ్చు, ఐబుప్రోఫెన్ మాత్రం వద్దు. నీళ్ళ తొట్టి చాలా మంచిది, నీళ్ళ వేడి 37.5 డిగ్రీలు దాటకూడదు. కానీ నిండడానికి టైము పడుతుంది. మావారు తొట్టికి గాలి కొట్టి పైపు పెట్టి, నీళ్ళు చీలమండ దాకా వచ్చేసరికి కొడుకు వచ్చేశాడు. తొందర కాన్పు అవుతుందని అనుమానముంటే షవర్‌నే నమ్ముకోండి.

అన్నిటికంటే ముందు అందింది మా అత్తయ్య చెయ్యి. గుంటూరు నుంచి పురుడు పోయడానికి వచ్చారు. నేను సోఫా పట్టుకుని మోకాళ్ళ మీద ఉంటే, నొప్పి వచ్చినప్పుడల్లా నడుం కింద అరచేత్తో గట్టిగా అదిమిపట్టారు. పక్కింటివాళ్ళు వింటారని నేను పళ్ళు బిగబట్టుకుంటే, "అరువమ్మా, నువ్వేం దొంగతనం చెయ్యట్లేదు, కొడుకుని కంటున్నావు" అన్నారు. గొంతు విప్పాక ఊపిరి ఆడింది. ఓర్చుకోవడమంటే నోరు మూసుకోవడమని మనకి ఎవరు నేర్పారో తెలియదు.

ఒకవేళ ఎవరూ రాకముందే బిడ్డ వచ్చేస్తుంటే? 999కి ఫోను చేసి స్పీకరులో పెట్టండి, వాళ్ళే ఒక్కొక్కటీ చెబుతారు. వీధి తలుపు గడియ తీయండి. గది వెచ్చగా ఉంచండి. బాత్రూములో కూర్చోకండి. తల కనిపించినప్పుడు తోయకుండా చిన్న చిన్న ఊపిరులు తీయండి, మెల్లగా వస్తే చిరుగులు తక్కువ. బిడ్డని తుడిచి, తల్లి ఒంటికి ఆనించి, పొడి తువ్వాలు కప్పండి. బొడ్డుతాడు లాగొద్దు, కోయొద్దు. మాయని దాని మానాన రానివ్వండి.

ఇంకొక్క మాట. ఇంట్లో కాన్పు అందరికీ కాదు. ఇంగ్లండులో 2011లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, ఇబ్బందులేవీ లేని రెండో కాన్పువాళ్ళకి ఇంట్లో కాన్పు వల్ల బిడ్డకి ఆపద ఎక్కువేమీ కనపడలేదు. తొలిచూలువాళ్ళకి మాత్రం ఇంట్లో కాస్త ఎక్కువే కనపడింది. బీపీ, షుగరు, కవలలు, బిడ్డ అడ్డం తిరగడం ఉన్నవాళ్ళు ఆసుపత్రికే వెళ్ళండి. మన ఆడవాళ్ళకి గర్భంతో ఉన్నప్పుడు షుగరు ఎక్కువగా వస్తుందని మరిచిపోకండి. వేరే దేశాల నుంచి వింటున్నవాళ్ళు అక్కడి పద్ధతులు మీ డాక్టరుని అడగండి.

ఫోను చేసిన ఆవిడకి చివరగా చెప్పింది ఇదే. ముందటి కాన్పు తొందరగా అయిందని మిడ్‌వైఫ్‌కి ఇవాళే చెప్పండి. మొదటి నొప్పికే ఫోను చేయండి, ఇంకాసేపు చూద్దాం అనుకోవద్దు. నడుం పట్టే ఒక మనిషిని దగ్గర పెట్టుకోండి.