కొబ్బరినీళ్లు ఎవరి సొమ్ము?

(మండల మహాసభ ప్రసంగం నుంచి)

మన కోనసీమలో ఎండుకొబ్బరి కోసం కాయ కొట్టినచోట నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? కాలవలోకే. పులిసి కంపు కూడానూ. (కురిడీ సంగతి వేరు, అందులో నీళ్లు ఇంకిపోతాయి.)

కేరళలో 'మలై' అనే సంస్థ అలాంటి నీళ్లే పట్టి, వేడిచేసి, ఒకరకం బ్యాక్టీరియాను వదులుతోంది. సుమారు రెండు వారాల్లో మీగడలా మందపు పొర కడుతుంది. దానికి అరటిబోదె నార లాంటివి కలిపి, పలకలుగా ఆరబెట్టి, తోలుకు బదులు వాడే సరుకు చేస్తున్నారు. సంచులు కుడుతున్నారు.

రేపు ఇక్కడికీ అలాంటి యూనిట్ రావచ్చు. మనకేమొస్తుంది? కాయ కాయగానే అమ్మేస్తున్నాం, నీళ్లూ వ్యాపారివే అవుతాయి. మనమే సంఘంగా కాయలు కొట్టిస్తేనే లీటరుకింత అని అడగగలం. నీళ్లు గంటల్లో పులుస్తాయి కాబట్టి డ్రమ్ములు, బండి ఖర్చు ఎవరిదో ముందే కాగితం మీద రాయించాలి. వచ్చే కమిటీలో దీన్ని మొదటి అంశంగా పెట్టమని కోరుతున్నాను.