బిస్కెట్ల సీసా, ఒక డిటెక్టివ్
(సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పుస్తకం గురించి మాట్లాడతానంటే మా అబ్బాయి, "నాన్నా, మళ్లీ మేనేజ్‌మెంట్ పుస్తకమేనా?" అన్నాడు. ఎంబీఏ చదివిన తండ్రి ఉంటే ఆ భయం సహజమే. కాదు, ఈరోజు హత్యల గురించి. పిల్లలున్నారని కంగారు పడకండి, ఇవి నెత్తురు కనబడని హత్యలు.

వీటిని కోజీ మిస్టరీలంటారు. చిన్న ఊరు, అందరికీ అందరూ తెలుసు. నేరస్థుణ్ని పట్టుకునేది పోలీసు కాదు, పక్కింటావిడ. షాడో నవలలు పాఠ్యపుస్తకాల్లో దాచుకుని చదివిన మన తరానికి ఇవి మొదట్లో చప్పగా ఉంటాయి. మా ఆవిడ తెచ్చిన జోఆన్ ఫ్లూక్ నవల 'చాక్లెట్ చిప్ కుకీ మర్డర్'తో నా అభిప్రాయం మారింది.

అందులో హన్నా స్వెన్సన్ అమెరికాలోని మిన్నెసోటాలో, లేక్ ఈడెన్ అనే కల్పిత ఊళ్లో బేకరీ నడుపుతుంది. ఒకరోజు పాలు వేసే యువకుడు బేకరీ వెనక సందులో, తన బండిలోనే చనిపోయి కనిపిస్తాడు. చుట్టూ ఆమె చేసిన బిస్కెట్లే చెల్లాచెదురుగా పడి ఉంటాయి. కేసు చూసే అధికారి ఆమె చెల్లెలి భర్త. జనం ఏమనుకుంటున్నారో కాస్త విని చెప్పమని ఆయనే వదినగారిని అడుగుతాడు. మధ్యమధ్య వంటల కొలతలు కూడా ఇస్తారు. హంతకుడెవరో తేలకముందే మా ఆవిడ వాటిని రాసేసుకుంది. 2015లో ఈ కథలతో టీవీ సినిమాలు కూడా మొదలయ్యాయి.

హన్నా దగ్గర భూతద్దం లేదు. కౌంటర్ ఉంది. రోజూ వచ్చేవాళ్ల అలవాట్లు తెలుసు గనుక, తేడా వచ్చిన రోజు ఇట్టే పట్టేస్తుంది. అక్కడే నేను పుస్తకం మూసేశాను.

మా బ్రాంచికి ఒక రిటైర్డ్ టీచరమ్మ నెలనెలా వచ్చేవారు. పాస్‌బుక్ ప్రింటయ్యేలోగా మనవడి ముచ్చట్లు చెప్పేవారు. ఒక మార్చి నెలలో వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఫోను చేతిలోంచి దించలేదు. "ఎఫ్‌డీ తీసేసి ఈ ఖాతాకు పంపు బాబూ" అన్నారు. సంతకం సరిపోయింది, కేవైసీ ఉంది, బయట క్యూ ఉంది. పావుగంటలో పని పూర్తిచేసి నన్ను నేనే మెచ్చుకున్నాను.

మర్నాడు వాళ్లమ్మాయి ఏడుస్తూ వచ్చింది. పోలీసులమంటూ ఎవరో వీడియో కాల్‌లో బెదిరించి, డిజిటల్ అరెస్టు అన్నారట. అలాంటి అరెస్టు మన చట్టంలోనే లేదు. వెంటనే 1930కి ఫోన్ చేయించాం. కొంత సొమ్ము ఆగింది, ఎక్కువ భాగం పోయింది.

నేను ఏ నిబంధనా తప్పలేదు. ఆ మాట కాగితం మీద కూడా ఉంది. కానీ ఆవిడ ఆరోజు మనవడి మాట ఎత్తలేదని నేను గమనించాను. గమనించీ అడగలేదు.

ఈ నవలల్లో అతి లేకపోలేదు. అంత చిన్న ఊళ్లో పుస్తకానికో హత్య జరిగితే జనం ఎప్పుడో ఇళ్లు ఖాళీ చేయాలి! అయినా నా టేబుల్ మీద ఇప్పుడు ఒక ఉస్మానియా బిస్కెట్ల సీసా ఉంటుంది. పెద్దవాళ్లెవరైనా గడువుకు ముందే డిపాజిట్ తీసేస్తామంటే, బిస్కెట్ ఇచ్చి కూర్చోబెట్టి, ఆ తర్వాతే ఫారం తీసుకుంటాను. క్యూలో వాళ్లు విసుక్కుంటారు.

టీచరమ్మ ఇప్పటికీ వస్తారు. మళ్లీ మనవడి ముచ్చట్లు చెప్పడానికి ఆవిడకు ఏడాది పట్టింది.