పరదేశంలో చదువు, స్నేహం

మన ఓరుగల్లు నుంచి ఎందరో పిల్లలు పైచదువులకు విదేశాలు వెళ్తున్నారు. అక్కడ తెలుగువాళ్ల తోడు కొండంత అండ. అయినా విదేశాలకు వెళ్లే పిల్లలూ, తెలుగువాళ్లతోనే ఆగకండి. వేరే దేశం నుంచి వచ్చిన విద్యార్థికీ ఇల్లు గుర్తొస్తుంది, అక్కడి యాస కొత్తే. అందుకే మాట త్వరగా కలుస్తుంది. మొదటి వారం పరిచయ కార్యక్రమాలకు తప్పక వెళ్లండి. ప్రాజెక్టు బృందంలో వేరే దేశం వాళ్లను కలుపుకోండి. వాళ్ల పేరు సరిగ్గా పలకడం నేర్చుకోండి. వాళ్లు పక్కనుంటే అందరికీ తెలిసిన భాషలోనే మాట్లాడండి.

1959లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల (ఆర్‌ఈసీ)గా మొదలైన మన వరంగల్ నిట్‌లోనూ భారత సాంస్కృతిక సంబంధాల మండలి (ఐసీసీఆర్) ఉపకార వేతనాలతో, విదేశాల్లోని విద్యార్థులకు నేరుగా సీట్లిచ్చే డాసా ప్రవేశాలతో విదేశీ విద్యార్థులు చదువుతున్నారు. నిట్ విద్యార్థులారా, వాళ్లను సద్దుల బతుకమ్మ పండుగకు మీ ఇంటికి పిలవండి. మన పిల్లలకు అక్కడ దొరకాలనుకునే ఆదరణ ఇక్కడ మనమే ముందు చూపిద్దాం.